ఎర్రపాముకీ నల్లపాముకీ మనవడు తెల్లపాము!

ఊరి చివర చెరువు గట్టు మీద తెల్లపాము కనబడిందంటే చాలు, ఆ పూట పొలం పనులు ఆగిపోతాయి. శ్వేతనాగు దర్శనమిచ్చిందని ఒకరంటే, నిధికి కాపలా కాస్తోందని ఇంకొకరు, ఊరికి ఏదో మూడబోతోందని మరొకరు అంటారు. కొబ్బరికాయలతో వచ్చేవారు కొందరు, కర్రలతో వచ్చేవారు కొందరు. పాముకి ఆ రంగు ఎలా వచ్చిందని అడిగేవారు మాత్రం తక్కువ.

నిజానికి అడగవలసిన ప్రశ్న అదే. దానికి జవాబు దొరికి కూడా చాలా ఏళ్లయింది. అయితే ఆ జవాబు దొరికింది మన పుట్టల దగ్గర కాదు. మనం కోళ్లని పెంచినట్టు పాముల్ని ఇళ్లలో పెంచే అమెరికా వాళ్ల దగ్గర. ఎర్రపాము కావాలన్నా, చారల పాము కావాలన్నా, తెల్లపాము కావాలన్నా ఏ మగపాముని ఏ ఆడపాముతో కలపాలో వాళ్లు కాగితం మీద లెక్క కట్టి చెబుతారు.

వినడానికి వింతగా ఉన్నా, మన రైతులకి ఈ విద్య బొత్తిగా కొత్తది కాదు. కాకి, డేగ, నెమలి, సేతువ అంటూ కోడిపుంజుల రంగులు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగే పెద్దలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. నెల్లూరు గొర్రెల్లో తెల్లదాన్ని పల్ల అనీ, మొహాన నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ వేరు చేసే కాపరులు ఉన్నారు. పాముల లెక్క కూడా అటువంటిదే. ఆ లెక్క తెలిస్తే ఒక మోసం తప్పుతుంది. ఒక అన్యాయమైన నింద కూడా తప్పుతుంది.

చర్మ వైద్యుడి ఇంట్లో పాము

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ‘కార్న్ స్నేక్’ అనే పాము ఉంది. తెలుగులో మొక్కజొన్న పాము అనుకోవచ్చు. జొన్నకంకుల గాదెల్లో ఎలుకల కోసం తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పొట్ట మీది గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కనుక వచ్చిందని మరికొందరు అంటారు. మూడు నుంచి అయిదడుగుల పొడవు పెరుగుతుంది. విషం లేదు. నారింజ ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ నల్లటి అంచు. ఇదీ దాని సహజ రూపం.

1953లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో నల్లరంగు అసలే లేని మొక్కజొన్న పాము ఒకటి దొరికింది. అది జార్జియా రాష్ట్రం వాల్డోస్టాలో ఉన్న బెర్నార్డ్ బెక్టెల్ అనే వైద్యుడి చేతికి చేరింది. ఆయన చర్మవ్యాధుల వైద్యుడు. చర్మానికి రంగు ఎలా వస్తుంది, ఎందుకు పోతుంది అన్నది ఆయన వృత్తిలోనే ఉన్న ప్రశ్న. ఆ పాము మగది. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ కలిసి దాన్ని మామూలు రంగు ఆడపాముతో జతకట్టించారు.

పిల్లలు పుట్టాయి. అన్నీ మామూలు రంగువే! ఒక్కదానికీ తండ్రి పోలిక రాలేదు. మరొకరైతే ‘పోయింది, ఆ రంగు తండ్రితోనే పోయింది’ అనుకుని ఊరుకునేవారు. బెక్టెల్ దంపతులు ఊరుకోలేదు. ఆ పిల్లలు ఈడుకి వచ్చేదాకా ఆగి వాటిలో వాటిని కలిపారు. 1961లో గుడ్లు పగిలాయి. మామూలు పిల్లల మధ్య నల్లరంగు లేని పిల్లలు తలలెత్తాయి. కొడుకుల్లో, కూతుళ్లలో కనబడని తాత పోలిక మనవళ్లలో బయటపడింది. ఈ సంగతిని వారు 1962లో ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించారు.

రంగు పోలేదు, దాగింది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగిలిన కథంతా తేలికగా అర్థమవుతుంది.

రెండు తాళంచెవులు

ఏ జీవికైనా రంగు ఎలా తయారు కావాలో చెప్పే వివరం ఒంట్లోని ప్రతి కణంలోనూ రాసి ఉంటుంది. దీన్నే శాస్త్రజ్ఞులు జన్యువు అంటారు. ఇది ఒక్కొక్క గుణానికి సాధారణంగా రెండేసి ప్రతుల్లో ఉంటుంది. ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది.

ఇంటి తాళానికి రెండు చెవులు ఉన్నాయనుకోండి. ఒకటి విరిగినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది. బయటివాడికి ఆ ఇంట్లో ఒక చెవి విరిగిందన్న సంగతే తెలియదు. రెండూ విరిగితేనే తలుపు మూతపడుతుంది. నల్లరంగు సంగతీ ఇంతే. రెండు ప్రతుల్లో ఒకటి చెడినా పాము మామూలుగానే ఉంటుంది. రెండూ చెడితేనే నలుపు మాయమవుతుంది. ఒక ప్రతి ఉన్నా పైకి కనబడే గుణాన్ని బహిర్గత గుణమనీ, రెండు ప్రతులూ ఉంటేనే కనబడే గుణాన్ని అంతర్గత గుణమనీ పాఠ్యపుస్తకాల్లో రాస్తారు.

ఈ సూత్రాన్ని కనిపెట్టింది పాముల్లో కాదు, బఠాణీ మొక్కల్లో. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి మఠం తోటలో ఏళ్ల తరబడి బఠాణీలు పండించి గింజలు లెక్కపెట్టాడు. గుండ్రటి గింజల మొక్కని ముడతల గింజల మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. రెండో తరంలో 5474 గుండ్రటివి, 1850 ముడతలవి వచ్చాయి. అంటే ఇంచుమించు మూడింటికి ఒకటి. 1866లో అచ్చయిన ఆయన వ్యాసాన్ని ఆనాడు పట్టించుకున్నవారు దాదాపు లేరు. ఆయన పోయాక 1900లో గాని దాని విలువ లోకానికి తెలియలేదు.

మూడింటికి ఒకటి ఎందుకు? ఇంట్లో రెండు గవ్వలుంటే మీరే చూడవచ్చు. ఒక గవ్వ తండ్రి పాముది, ఒకటి తల్లి పాముది. రెండూ పైకి మామూలు రంగువే గాని లోపల ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి దాచుకున్నవి. ప్రతి గుడ్డుకీ తండ్రి ఒకటి, తల్లి ఒకటి ఇవ్వాలి. ఏది ఇస్తారన్నది గవ్వ పడ్డట్టే. గవ్వ వెల్లకిలా పడితే చెడ్డ ప్రతి, బోర్లా పడితే మంచి ప్రతి అనుకోండి.

రెండు గవ్వలూ కలిపి విసిరితే నాలుగు రకాలుగా పడతాయి. రెండూ బోర్లా, మొదటిది మాత్రమే వెల్లకిలా, రెండోది మాత్రమే వెల్లకిలా, రెండూ వెల్లకిలా. మొదటి మూడింటిలోనూ ఒక మంచి ప్రతి ఉంది కనుక పాము మామూలు రంగే. నాలుగో దానిలోనే నలుపు పోతుంది. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే నాలుగింట ఒకటి.

నాలుగు గుడ్లు పెడితే తప్పకుండా ఒకటి అలా పుట్టాలని దీనికి అర్థం కాదు. పన్నెండు గుడ్లలో అయిదు రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. ప్రతి గుడ్డుకీ గవ్వలు కొత్తగా పడతాయి. ఇంటి నిండా ఆడపిల్లలున్నారు కనుక ఈసారి తప్పకుండా మగపిల్లాడే అనుకోవడం ఎంత పొరపాటో ఇదీ అంతే.

చెమ్మా పడితే తెల్లపాము

ఇక్కడ చిన్న చిక్కుంది. నల్లరంగు పోయిన మొక్కజొన్న పాము తెల్లగా ఉండదు, ఎర్రగా ఉంటుంది! మనిషి చర్మానికి రంగునిచ్చేది ముఖ్యంగా మెలనిన్ అనే పదార్థం. అది లేకపోతే మనిషి పాలిపోయి కనిపిస్తాడు. పాము చర్మంలో నలుపుకి వేరే కణాలు, ఎరుపు పసుపులకి వేరే కణాలు ఉంటాయి. నలుపు పోతే మిగిలిన ఎరుపు, నారింజ మరింత జిగేలుమంటాయి. కళ్లు మాత్రం ఎర్రబారతాయి.

మరో రకం మొక్కజొన్న పాము ఉంది. దానికి నలుపు ఉంటుంది గాని ఎరుపు ఉండదు. బూడిద, నలుపు రంగుల్లో పొగచూరిన వాసంలా కనిపిస్తుంది. ఇదీ అంతర్గత గుణమే, అయితే వేరే జన్యువుది.

ఇప్పుడు ఎర్రపాముని ఈ నల్లపాముతో కలిపితే ఏమవుతుంది? ఎర్రగా గాని నల్లగా గాని పుడతాయనుకుంటాం. పుట్టినవన్నీ మామూలు రంగువే! ఎర్రపాము దగ్గర లేని నలుపు ప్రతిని నల్లపాము ఇచ్చింది. నల్లపాము దగ్గర లేని ఎరుపు ప్రతిని ఎర్రపాము ఇచ్చింది. ఒకరి లోటుని ఒకరు పూడ్చుకున్నారు. పిల్లకి రెండు రంగులూ దక్కాయి.

అసలు తమాషా ఆ పిల్లల్ని వాటిలో వాటిని కలిపినప్పుడు జరుగుతుంది. ఈసారి గవ్వలు నాలుగు కావాలి. నలుపు కోసం తండ్రిదొకటి, తల్లిదొకటి. ఎరుపు కోసం తండ్రిదొకటి, తల్లిదొకటి. నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడతాయి. వాటిలో 9 మామూలు పాములు, 3 ఎర్రపాములు, 3 నల్లపాములు. మిగిలిన ఒక్కటి నాలుగు గవ్వలూ వెల్లకిలా పడ్డది. అష్టా చెమ్మా ఆడేవారు దాన్నే ‘చెమ్మా’ అంటారు. ఆ చెమ్మా పడిన గుడ్డులోంచి నలుపూ, ఎరుపూ రెండూ లేని పాము వస్తుంది. గులాబీ ఛాయ ఉన్న తెలుపు. దాన్ని అక్కడి పెంపకందారులు ‘స్నో’, అంటే మంచు అని పిలుస్తారు.

తాతల్లో తెల్లపాము లేదు, తల్లిదండ్రుల్లో లేదు. మనవడు మాత్రం తెల్లగా పుట్టాడు. ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు. నాలుగు గవ్వల లెక్క ఉంది.

మచ్చలూ, చారలూ కూడా ఇలాగే తరాలు మారతాయి. మొక్కజొన్న పాముల్లో వీపు మీది మచ్చలన్నీ కలిసిపోయి తలనుంచి తోకదాకా గీతల్లా మారిన రకం ఉంది. అదీ రెండు ప్రతులూ కలిస్తేనే కనబడే గుణం.

చంద్రకాంత పూల తీరు

అన్ని గుణాలూ ఇలా పూర్తిగా దాగవు. కొన్ని సగం సగం బయటపడతాయి. ఇందుకు ఉదాహరణ మన పెరట్లోనే ఉంది. సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత మొక్కల్లో ఎర్రపూల రకాన్ని తెల్లపూల రకంతో కలిపితే గులాబీ రంగు పూలు పూస్తాయి. మెండెల్ లెక్కని తిరిగి వెలికితీసినవారిలో ఒకరైన జర్మనీ శాస్త్రజ్ఞుడు కొరెన్స్ ఈ చంద్రకాంతలోనే ఆ సంగతి చూపించాడు.

ఘనా, టోగో, బెనిన్ వంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో చిన్నజాతి కొండచిలువ ఒకటి ఉంది. భయం వేస్తే తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే దాన్ని ‘బాల్ పైథాన్’ అన్నారు. మనం బంతి కొండచిలువ అనుకుందాం. బెనిన్‌లోని విదా పట్టణంలో దీనికి గుడి కూడా ఉంది. మనవాళ్లు పుట్టలో పాలు పోసినంత భక్తితో అక్కడివారు దీన్ని కొలుస్తారు. అదే పాము అమెరికా చేరి సంతలో సరుకు అయింది. 1992లో ఓక్లహామాకి చెందిన బాబ్ క్లార్క్ నల్లరంగు లేని బంతి కొండచిలువల్ని తొలిసారిగా పెంపకంలో పుట్టించాడు. ఆ తరువాత కొత్త రంగుల కోసం పోటీ మొదలైంది.

ఈ కొండచిలువల్లో ‘లెసర్’ అనే రకం ఉంది. చెడ్డ ప్రతి ఒక్కటే ఉంటే పాము కాస్త వెలిసిన రంగుతో మచ్చలు మారి కనిపిస్తుంది. అంటే ఇది దాగదు. అటువంటివి రెండు జతకడితే నాలుగింట ఒకటి రెండు ప్రతులతో పుడుతుంది. ఆ పాము మల్లెపూవంత తెల్లన, కళ్లు నీలం. ఇందులో కనిపెట్టడం తేలిక. కనబడేదే లెక్క.

పైకి చూస్తే తెలియదు

దాగిన గుణంతోనే పేచీ అంతా. ఇందాకటి రెండు గవ్వల లెక్కలో మామూలు రంగు పిల్లలు మూడు రకాలు. వాటిలో రెండింటికి చెడ్డ ప్రతి దాగి ఉంటుంది, ఒకదానికి ఉండదు. మూడూ చూపుకి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో పుట్టించినవాడు కూడా చెప్పలేడు.

మరి కొనేవాడు ఎలా తెలుసుకోవాలి? పరీక్ష ఒకటే. ఆ పాముని నల్లరంగు లేని పాముతో కలపాలి. దాగిన ప్రతి ఉంటే పిల్లల్లో ఇంచుమించు సగం నలుపు లేకుండా పుడతాయి. ఒక్క పిల్ల అలా పుట్టినా రుజువైపోయినట్టే. పుట్టకపోతే? అయిదు గుడ్లూ మామూలువే వచ్చినా అనుమానం పోదు. ఎందుకంటే దాగిన ప్రతి ఉండి కూడా 32లో ఒకసారి అలా జరగవచ్చు. పది గుడ్లూ మామూలువే అయితే అది 1024లో ఒకసారి మాత్రమే. అప్పుడు లేదనే అనుకోవచ్చు. పాము ఈడుకి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కనుక ఈ రుజువు దొరికేసరికి అమ్మినవాడు ఎక్కడుంటాడో తెలియదు. అందుకే అక్కడ పామును కొనేవారు తల్లిదండ్రుల పుట్టుపూర్వోత్తరాలు రాసిన చిట్టా అడుగుతారు.

ఇంకొక సంగతి. వింత మచ్చలన్నీ వంశంలోంచి వచ్చినవి కావు. గుడ్లు పొదిగే రోజుల్లో వేడి మరీ ఎక్కువైనా, తక్కువైనా పిల్లల మచ్చలు అస్తవ్యస్తంగా మారతాయి. అవి ఆ పిల్లతోనే సరి. దాని పిల్లలకి రావు. రక్తంలో ఉన్నదేదో, వేడి చేసిందేదో తేల్చేది మళ్లీ పిల్లలే.

ఇటీవల ఈ రుజువుకి కొత్త దారి దొరికింది. అమెరికాలోని ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, అధ్యాపకులు పెంపకందారుల దగ్గర్నుంచి పాములు విడిచిన కుబుసాలు తెప్పించుకున్నారు. పాముని ముట్టుకోకుండా ఆ కుబుసంలోంచే జన్యువుని పరీక్షించి, మూడు రకాల బంతి కొండచిలువల్లో రంగు మార్చిన మార్పు ఎక్కడుందో గుర్తించారు. 2022లో ఆ వివరం ప్రకటించారు. మనం గడ్డివాము పక్కన చూసి భయపడి దాటిపోయే కుబుసంలో ఆ పాము వంశచరిత్రంతా ఉందన్నమాట.

అందం వెనుక అవస్థ

రంగుల వేటలో పాము పడే బాధ కూడా చెప్పాలి. బంతి కొండచిలువల్లో ‘స్పైడర్’ అనే రకం ఉంది. సాలెగూడు గీసినట్టు సన్నని గీతలు, చూడ ముచ్చటగా ఉంటుంది. దీనికి ఒక్క ప్రతి చాలు, బయటపడుతుంది. అయితే ఆ గీతలతోపాటు తలతిప్పు కూడా వస్తుంది. పాము తల వణుకుతుంది, మెలితిరుగుతుంది. ఎలుక మీదికి దూకితే గురి తప్పుతుంది. కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ. లోపలి చెవి నిర్మాణమే సరిగా లేదని 2022లో పరిశోధకులు చూపించారు. ఒంటి తూకం చూసుకునేది ఆ చెవే గదా. బ్రిటన్‌లో ఒక సరీసృపాల సంఘం తన ప్రదర్శనల్లో ఈ రకం అమ్మకాన్ని నిషేధించింది.

అంతర్గత గుణాన్ని త్వరగా బయటికి తేవడానికి తండ్రిని కూతురితో, అన్నని చెల్లెలితో కలపడం అక్కడ మామూలు. రంగు బయటపడుతుంది నిజమే. దానితోపాటు దాగి ఉన్న ఇతర లోపాలు కూడా బయటపడతాయి. మన ఊళ్లలోనూ మందకి ఒకే పొట్టేలుని ఏళ్ల తరబడి ఉంచితే అది తన కూతుళ్లతోనే కలుస్తుంది. రెండు మూడేళ్లకి పొట్టేలుని మార్చమని పశువైద్యులు చెప్పేది ఇందుకే. ఖర్చుకి వెనకాడి ఈ మాట పెడచెవిన పెట్టేవారు పుట్టిన పిల్లల్ని ఒకసారి లెక్కచూసుకోవాలి.

మన ఇంటి లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. మొక్కజొన్న పాములో నలుపు పోవడానికి కారణమైన జన్యువు ఏదో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2015లో కనిపెట్టారు. దాని పేరు ఓసీఏ2. ఇదే జన్యువు మనుషుల్లోనూ ఉంది. అది రెండు ప్రతులూ చెడితే బిడ్డ తెల్లటి చర్మంతో, లేత రంగు జుట్టుతో పుడుతుంది. ఇటువంటి పుట్టుకకి కారణమయ్యే జన్యువులు మరికొన్ని కూడా ఉన్నాయి. మధ్యలో మచ్చలుగా వచ్చే బొల్లి వేరు, ఇది వేరు.

అటువంటి బిడ్డ పుట్టినప్పుడు మన పల్లెల్లో ఏమవుతుందో అందరికీ తెలుసు. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందంటారు. ఏదో పాపం చేసిందంటారు. అంతకంటే అనరాని మాటలూ అంటారు. కోడలు పుట్టింటికి చేరిన సందర్భాలూ ఉంటాయి. గవ్వల లెక్క తెలిసినవారు ఆ మాట అనలేరు. నల్లటి తల్లి ఒక ప్రతి ఇచ్చింది, నల్లటి తండ్రి ఒక ప్రతి ఇచ్చాడు. రెండూ కలిస్తేనే ఆ బిడ్డ అలా పుట్టింది. ఇద్దరి వాటా సరిసమానం. ఇద్దరికీ తమలో అది ఉందని తెలియదు. తప్పు ఎవరిదీ కాదు. ఆ బిడ్డకి కావలసింది నింద కాదు, ఎండ తగలకుండా నిండా బట్టలు, కళ్లకి డాక్టరు పరీక్ష, బడిలో ముందు బెంచీ. ఇటువంటి పిల్లలకి చూపు తక్కువగా ఉంటుందే గాని తెలివి తక్కువ కాదు.

మేనరికం సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. తాత దగ్గర ఒక చెడ్డ ప్రతి దాగి ఉందనుకోండి. అది ఆయన కొడుక్కీ, కూతురికీ రావచ్చు. కొడుకు బిడ్డకీ, కూతురి బిడ్డకీ దిగవచ్చు. ఆ ఇద్దరికీ పెళ్లి చేస్తే ఒకే ప్రతి రెండు దారుల్లో వచ్చి ఒక బిడ్డలో కలుసుకోవచ్చు. మేనబావ మరదళ్లకి సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. మేనమామ మేనకోడళ్లకి నాలుగో వంతు. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా లోపం వస్తుందని కాదు. అత్యధికుల పిల్లలు హాయిగానే ఉంటారు. అయితే పరాయి సంబంధంలో కంటే ప్రమాదం ఎక్కువన్నది నిజం. తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడా ఇదే లెక్కన దిగుతాయి. వాటిలో దాగిన ప్రతిని రక్తపరీక్ష పట్టి ఇస్తుంది. వంశంలో అటువంటి జబ్బు ఉంటే ముహూర్తం పెట్టుకోవడానికి ముందే డాక్టరుని అడగడం మంచిది.

పాడిని చూసి బర్రెని, తల్లిని చూసి పిల్లని ఎంచుకోవాలని సామెత. తల్లినే కాదు తండ్రినీ చూడాలి, కనబడేదే కాదు కనబడనిదీ అడగాలి అని ఈ లెక్క చెబుతోంది.

పట్టవద్దు, కొనవద్దు

ఈ కథనం చదివి పాములు పెంచుదామని ఎవరికైనా ఆశ పుడితే ఆ ఆశ మానుకోవాలి. నాగుపాము, కొండచిలువ వంటి మన దేశపు పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జైలు, జరిమానా ఉంటాయి. అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులు దగ్గరున్నవారు నమోదు చేయించుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2024లో నిబంధనలు తెచ్చింది.

ఇక ‘రెండు తలల పాము’ పేరుతో జరుగుతున్న మోసం గురించి వేరే చెప్పనక్కర్లేదు. దాని తోక మొద్దుగా తలలా కనబడుతుంది, అంతే. తల ఒకటే. అది ఇంట్లో ఉంటే లక్షలు వస్తాయని, మందులకి పనికొస్తుందని నమ్మించి రైతుల దగ్గర డబ్బు గుంజిన ముఠాలు ఎన్నో కేసుల్లో పట్టుబడ్డాయి. అమ్మినవాడితోపాటు కొన్నవాడూ జైలుకి వెళ్లాడు. తెల్లపాము చూపించి మహిమ ఉందనేవాడిదీ అదే బాపతు. అమెరికాలోనే మొదట వేల డాలర్లు పలికిన తెల్ల, ఎర్ర రకాలు పుట్టించడం అందరికీ తెలిసిపోయాక ధర దిగి మామూలు సరుకైపోయాయి. లెక్క తెలిసిన చోట మహిమకి ధర ఉండదు.

మరి చెరువు గట్టు మీద తెల్లపాము నిజంగానే కనబడితే? కళ్లు ఎర్రగా ఉంటే నల్లరంగు తయారీ చెడినది. కళ్లు నల్లగానే ఉండి ఒళ్లు మాత్రం తెల్లబడితే అది మరో రకం లోపం. ఎలాగైనా అది నాగుపామే. విషంలో తేడా లేదు. దగ్గరికి వెళ్లి పసుపు కుంకుమలు చల్లేవారికీ, కర్ర ఎత్తేవారికీ ప్రమాదం ఒక్కటే. కాటు పడితే మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకుండా విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేరాలి.

దూరంగా నిలబడి చూసి, దాని దారిన దాన్ని పోనివ్వడమే మేలు. తెల్లటి ఒంటితో గద్దకీ, ముంగిసకీ తొందరగా దొరికిపోయే బతుకు దానిది. పెద్దదాకా బతికి బయటపడేవి అరుదు. అది ఏ లోకం నుంచీ దిగిరాలేదు. దాని తల్లీ, తండ్రీ ఇన్నేళ్లుగా మన పొలాల్లో ఎలుకల్ని తింటూ తిరిగిన మామూలు గోధుమరంగు పాములే.